పట్టుపురుగుల షెడ్డులో జపాను సినిమా

మీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే చివరిదాకా నాకు సూటిగా చెప్పడం రాలేదు. కాగితం మీద నా హోదా ప్రచార అధికారి. మదనపల్లెలో మా సంస్థ ఆఫీసు. చెరువులు, బోర్లు, మేత భూములు, వీటి మీద ఊళ్ళవాళ్ళతో కలిసి పనిచేసే సంస్థ అది. ఇంజనీర్లు కట్టలు కట్టించేవారు, పశువుల డాక్టర్లు ఆవుల్ని చూసేవారు, నేను సినిమాలు వేసేదాన్ని. జీపులో ప్రొజెక్టరు, తెర, స్పీకరు వేసుకుని ఊరూరా తిరిగి, సినిమా నడుస్తుండగా పక్కన నిలబడి మైకులో కథ చెప్పడం నా పని. అందుకని ఊళ్ళలో నన్ను బొమ్మలమ్మ అనేవారు. కోపం వచ్చినప్పుడు మా ఆయన కూడా అదే పేరుతో పిలిచేవాడు.

నేను రిటైరయ్యాక ఈ పనిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికొచ్చి, “మేడమ్, మాకేమైనా చెప్పండి” అన్నారు. కాఫీ ఇచ్చాను, ఇంట్లో చేసిన మురుకులు పెట్టాను, ఏమీ చెప్పకుండా పంపించాను. చెప్పాల్సిందంతా వాళ్ళు బస్సెక్కాక గుర్తొచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో ప్రమోషన్లు లేవు, బిల్లులు లేవు. ఒక సినిమా, దాన్ని చూసిన కొందరు మనుషులు ఉన్నారు.

చొక్కా నలగని రైతు

నేను చేరిన రోజుల్లో మాకు వచ్చే సినిమాలన్నీ ఒకే అచ్చులో ఉండేవి. మొదట ఒక రైతు దిగాలుగా కూర్చుని ఉంటాడు. ఒక అధికారి మోటారు సైకిలు మీద వస్తాడు. చివర్లో రైతు నవ్వుతాడు. మొదటి నుంచి చివరిదాకా ఆ రైతు తెల్లచొక్కా నలగదు. ఆడవాళ్ళు ఎండలో కలుపు తీస్తున్నా తలలో మల్లెపూలు వాడవు. జనం ఆ సినిమాలకు రావడం మానలేదు. మేం ఇచ్చే బొరుగుల కోసం, పక్కింటివాళ్ళతో నాలుగు మాటల కోసం వచ్చేవారు. తెర వైపు చూసేవాళ్ళు తక్కువ. నేను మైకులో చెబుతూనే ఉండేదాన్ని, వాళ్ళు మాట్లాడుకుంటూనే ఉండేవారు. ఒకరినొకరం ఇబ్బంది పెట్టుకోకుండా చాలా ఏళ్ళు గడిపాం.

మా ప్రాజెక్టు ఆఫీసరు రెడ్డెప్ప సారు. మంచి మనిషి, చేతిలో మైకు లేనంతసేపు. సినిమా ఏదైనా సరే, అయిపోగానే మైకు అందుకుని దాని నీతి చెప్పేవారు. నీతి చెప్పకపోతే జనం ఇంటికి ఉత్తచేతులతో పోతారని ఆయన భయం. ఆయన నీతి మొదలుపెట్టగానే జనం లేచి చీరలు, పంచెలు దులుపుకునేవారు. ఆ దుమ్ములో ఆయన మాటలు కలిసిపోయేవి. అయినా ఆ మనిషి పట్ల నాకు కృతజ్ఞత ఉంది. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

బోరు మిషన్ వచ్చింది

ఆ జపాను సినిమా మాకు డబ్బులిచ్చే ఒక విదేశీ సంస్థ ద్వారా వచ్చింది. ఊళ్ళలో వేసుకోవచ్చని అనుమతి కూడా వాళ్ళే తెచ్చిపెట్టారు. దాని అసలు పేరు మా ఆఫీసులో ఎవరి నోరూ తిరిగేది కాదు. మాకు అది బోరు మిషన్ సినిమా. మనుషులంతా బొమ్మలే. మాటలు జపానువి, కింద ఇంగ్లీషు అక్షరాలు. నాకు ఇంగ్లీషు వచ్చు గనుక, చదివి తెలుగులో చెప్పే పని నాకు పడింది.

కథ ఇది. ఎన్నో వందల ఏళ్ళ తర్వాతి కాలం. వానలు లేవు. ఎండిపోయిన సముద్రం అడుగున ఆకాశమంత ఎత్తున ఒక టవరు. ఊరంతా అందులోనే కాపురం. టవరు కింద పెద్ద బోరు మిషన్, దానికి కాళ్ళూ కళ్ళూ ఉంటాయి. అది భూమిలోకి దిగి నీళ్ళు తోడితే ఊరు తాగుతుంది. నీళ్ళు తగ్గేకొద్దీ మిషన్ ఇంకా లోతుకు పోవాలి. మిషన్ నడిపే ఆయన కూతురు ఒక చిన్నపిల్ల. ఒకరోజు మిషన్ అడుగున ఎక్కడో ఇరుక్కుంటే, దాన్ని బాగుచేయడానికి ఆ పిల్ల లోపలికి దిగుతుంది. అట్టడుగున ఆమెకు ఒక వెలుగు కనిపిస్తుంది. అవతల ఇంకో బోరు, ఇంకో మిషన్, ఇంకో పిల్ల. ఎండిన సముద్రానికి ఆ చివర ఇంకో టవరు ఉందని ఇన్నాళ్ళూ వీళ్ళకు తెలియదు, వాళ్ళకూ తెలియదు. ఇద్దరూ ఒకే నీళ్ళు తోడుతున్నారు.

చివర్లో ఇద్దరు పిల్లలూ ఎవరి టవరుకు వాళ్ళు ఎక్కి, మిషన్లు ఆపాలని మాట్లాడుకుంటారు. ఈ పిల్ల పైకెక్కి తన మిషన్ ఆపేస్తుంది. తర్వాత పైపుకు చెవి ఆనించి వింటుంది. అవతలి పిల్ల ఆపిందా లేదా అన్నది మనకు చూపించరు. తెర నల్లబడుతుంది. సినిమా అయిపోయింది.

రెడ్డెప్ప సారు ఆఫీసులో మొదటిసారి చూసి, “అయిపోయిందా?” అన్నారు. అయిపోయిందన్నాను. “నీతి ఎక్కడ?” అన్నారు. నేను నవ్వు ఆపుకున్నాను.

కుప్పం అవ్వ, పుంగనూరు పిల్ల

మొదట కుప్పం దగ్గర ఒక ఊళ్ళో వేశాం. అక్కడ ఒక వీధిలో తెలుగు, ఇంకో వీధిలో తమిళం, కన్నడం. నేను చక్కగా రాసుకుపోయిన తెలుగు చదవడం మొదలుపెట్టాను. భూగర్భ జలవనరులు అంతరించిపోయిన భవిష్యత్ కాలంలో, అని ఇంకా వాక్యం పూర్తి కాలేదు, ముందు వరసలో ఒక అవ్వ పకపకా నవ్వింది.

“యాల నవ్వుతాండావవ్వా?” అన్నాను.

“ఆ పిల్ల నోరు తెరిస్తే రేడియో వస్తాండాది. యావూరు పిల్లమ్మా అది?”

“జపాను.”

“జపాను పిల్ల అయితే ఏమి, ఆకలయితే మన పిల్లోళ్ళ మాదిరే గదా అడుగుతాది. ఆ మాదిరి సెప్పు.”

నేను కాగితాలు మడిచి చేతిసంచిలో పెట్టేశాను. ఇంట్లో నా కూతురు నాతో ఎలా మాట్లాడుతుందో, నా చిన్నప్పుడు నేను మా నాయనతో ఎలా మాట్లాడానో ఆ భాషలో చెప్పడం మొదలుపెట్టాను. తమిళం మాట్లాడే వీధివాళ్ళు కూడా తలలూపారు. ఆ పిల్లకు పేరు కావాలని అవ్వే అడిగింది. జపాను పేరు చెబితే ఆమెకు నచ్చలేదు. నీళ్ళ కోసం దిగే పిల్ల గనుక గంగ అని తనే పెట్టింది. ఆ తర్వాత ఏ ఊళ్ళో వేసినా ఆ పిల్ల గంగే.

పుంగనూరులో ఒక బడిలో మాకు ఇంకో పాఠం జరిగింది. సినిమా మొదలైన కాసేపటికే మైకు పాడైపోయింది. నేను చెప్పకపోతే పిల్లలకు అర్థం కాదని హైరానా పడ్డాను. మా డ్రైవరు, ప్రొజెక్టరు ఆపరేటరు కూడా అయిన ఖాదర్ భాయ్ మాత్రం నిమ్మళంగా, “గమ్మునుండు మేడమ్, సూస్తాండారు గదా” అన్నాడు. నిజమే. బడి మొత్తం కళ్ళార్పకుండా చూస్తోంది. నేను ఇన్నాళ్ళూ తెర మీద కనిపించేదాన్నే మళ్ళీ నోటితో చెబుతూ వచ్చానని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి అవసరమైన చోట చెప్పి, మిగతా చోట ఊరుకోవడం నేర్చుకున్నాను. మన పనిలో దీనికి మించిన పనితనం లేదని నా అభిప్రాయం.

సినిమా అయ్యాక ఒక ఆడపిల్ల లేచి, “ఆ పక్కోళ్ళు ఆపినారా సార్?” అని అడిగింది.

రెడ్డెప్ప సారు వెనక నుంచి గట్టిగా, “ఆపారమ్మా” అన్నారు.

“మీకెట్ల తెలుసు సార్? సినిమాలో లేదు గదా.”

తిరుగు ప్రయాణంలో సారు మదనపల్లె వచ్చేదాకా నోరు విప్పలేదు. ఆఫీసు ముందు జీపు దిగుతూ, “ఆ పిల్ల అడిగింది నిజమే కదమ్మా” అన్నారు. పై అధికారి ఒక బడిపిల్ల మాటను అంతసేపు మనసులో పెట్టుకోవడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

ఒకే మాట, రెండు నోళ్ళు

ఇక రామసముద్రం మండలంలో మునెమ్మ వాళ్ళ ఊరు. నా ఉద్యోగం అంతటికీ ఒక్క రోజు ఎంచుకోమంటే నేను ఎంచుకునేది ఆ ఊళ్ళో గడిపిన రోజే.

మునెమ్మకు కొంచెం మల్బరీ తోట, రెండు ఆవులు, పట్టుపురుగులు పెంచే ఒక షెడ్డు ఉన్నాయి. భర్త బెంగుళూరులో అపార్టుమెంటు వాచ్‌మన్‌గా జీతానికి ఉంటూ పండగలకు వచ్చిపోయేవాడు. షెడ్డు నడిపేది మునెమ్మే. ఆమె తోటకు సొంత బోరు లేదు. భర్త అన్న చెంగప్ప బోరు నుంచి నీళ్ళు పారించుకునేది. చెంగప్ప చేనుకు గెనిమ అవతల శ్రీరాములప్ప చేను, అందులో ఆయన బోరు. రెండు బోర్ల మధ్య ఆ గట్టు తప్ప ఏమీ లేదు.

ఎవరి బోరు ముందు పడింది, ఎవరిది ఎవరి నీళ్ళు లాగింది అనే తగాదాతో ఆ ఇద్దరికీ మాటలు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఇద్దరి మోటార్లకూ ఆటోమేటిక్ స్టార్టర్లు ఉన్నాయి. చేలకు త్రీఫేజు కరెంటు రాగానే రెండూ ఒకేసారి మొదలయ్యేవి. కరెంటు ఉన్నంతసేపూ ఎవరూ ఆపరు. తాను ఆపితే అవతలివాడు తోడుకుంటాడని ఇద్దరికీ ఒకటే భయం. మేం వెళ్ళేనాటికి కాసేపు నీళ్ళు వచ్చి, ఆ తర్వాత రెండు మోటార్లూ గాలి లాగుతున్నాయి.

మా ఇంజనీర్లు ఒక దారి చెప్పారు. రెండు బోర్లనూ ఒక పైపుకు కలిపి, ఒక రోజు ఒకటి, మర్నాడు ఇంకొకటి నడపాలి. అడుగున నీళ్ళు ఊరడానికి సమయం దొరుకుతుంది. అదే పైపు నుంచి మునెమ్మ తోటకూ ఒక లైను వెళుతుంది. దీనికి ఇద్దరూ ఒప్పుకోవాలి. మీటింగు పెట్టినప్పుడల్లా చెంగప్ప, “నేను ఆపితే ఆయప్ప ఆపుతాడని ఏం గ్యారంటీ?” అనేవాడు. శ్రీరాములప్ప ఇంకో మూల నుంచి, మా వైపు చూస్తూ, అవే మాటలు అనేవాడు. ఒకే మాట, రెండు నోళ్ళు.

చివరికి చెంగప్ప ఇంకా లోతుగా కొత్త బోరు వేయడానికి బోరు లారీ మాట్లాడుకున్నాడు. సోమవారం లారీ వస్తుంది. అప్పటిదాకా మునెమ్మకు నీళ్ళు ఇవ్వలేనన్నాడు. అందులో దుర్మార్గం ఏమీ లేదు, ఆయనకే లేవు. తోటలో కొనల దగ్గర ఆకు వాడుతోంది. ఆకు లేకపోతే పురుగుకు మేత లేదు. కొత్త పంటకు పిల్లపురుగులు కావాలో వద్దో మునెమ్మ ఆ వారమే చెప్పాలి. వద్దంటే షెడ్డుకు తాళం వేసి బెంగుళూరులో ఇళ్ళల్లో పాచిపనికి పోవడమే.

“నాకు పోవాలని లేదు బొమ్మలమ్మా,” అంది ఒకరోజు షెడ్డు గుమ్మంలో కూర్చుని. “ఆడ నా మొగుడుండేది మెట్ల కింద రూము. ఈడ ఇంత గోడ కట్టుకున్యాను. పురుగు పెద్దదై ఆకు మేసేటప్పుడు ఈ షెడ్డులో నిలబడితే వాన పడతాండే మాదిరి సద్దు. అది ఇడిసిపెట్టి యాడికి పోయేది?”

నేనేం చెప్పగలను? ఇంజనీరును కాను, పైపులు వేయించే అధికారం నాకు లేదు. నా దగ్గర ఉన్నది ఆ బొమ్మల సినిమా ఒకటే. అదే మాట ఆమెతో అన్నాను.

“అయితే నా షెడ్డులోనే వేయి. పురుగుల్లేవు గదా, కాలీగానే ఉండాది,” అంది.

టెంకాయ

పట్టుపురుగుల షెడ్డు కంటే మంచి సినిమా హాలు నేను చూడలేదు. పురుగులు పెంచే తట్టలు ఒక పక్కకు తోసి, కిటికీలకు గోతాలు కడితే మధ్యాహ్నం కూడా చీకటే. పంటకూ పంటకూ మధ్య సున్నం కొడతారు గనుక గోడే తెర. గుమ్మంలో బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు పెట్టి, ఎవరు లోపలికి రావాలన్నా అందులో కాళ్ళు ముంచి రావాలని మునెమ్మ పట్టుబట్టింది. పురుగుల్లేని రోజుల్లో కూడా ఆ అలవాటు తప్పదట. రెడ్డెప్ప సారు బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, బుద్ధిగా కాళ్ళు ముంచారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాం. మా ప్రాంతంలో పాలు పిండే వేళకు సినిమా ముగిసి తీరాలి. ఆ వేళ దాటితే జనాన్ని ఎవరూ కూర్చోబెట్టలేరు. ఈ చిన్న సంగతి తెలియక పెద్ద పెద్ద కార్యక్రమాలు పాడవడం నేను చూశాను.

చెంగప్ప తమ్ముడి షెడ్డు గనుక వచ్చాడు. శ్రీరాములప్ప వస్తాడని ఎవరూ అనుకోలేదు. సినిమాలో వింత బోరు మిషన్ ఉందని ఎవరో చెబితే వచ్చానన్నాడు. వచ్చి చెంగప్పకు దూరంగా, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

సినిమా మొదలైంది. టవరు చూసి పెద్దగా ఆశ్చర్యపోలేదు, బెంగుళూరులో చూశాంలే అన్నారు. తర్వాత మిషన్ కాళ్ళు ముడిచి, డ్రిల్లు కిందికి దించబోయింది. అప్పుడు చెంగప్ప లేచి నిలబడ్డాడు. ఆయన నీడ తెర మీద మిషన్‌ను సగం కమ్మేసింది.

“ఆపమ్మా.”

ఖాదర్ భాయ్ బొమ్మను ఆపాడు. ఏమైందప్పా అన్నాను.

“టెంకాయ కొట్టకుండా బోరు యాడన్నా దించుతారా?”

రెడ్డెప్ప సారు వెనక నుంచి, “ఇది సినిమా చెంగప్పా” అన్నారు.

“సినిమా అయితే ఏమి సార్, బోరు బోరే గదా. ఆ పిల్ల తండ్రికి తెలీదేమో. మనకు తెలుసు గదా.”

ఎవరూ నవ్వలేదు. మా వైపు బోరు లారీ చేలోకి రాగానే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మిషన్‌కు పసుపు కుంకుమ పూసి, టెంకాయ కొట్టాకే డ్రిల్లు దించుతారు. లేకపోతే నీళ్ళు పడవని నమ్మకం. ఇంత లోతుకు దిగే మిషన్‌ను పూజ లేకుండా దించడం వాళ్ళకు చూడలేని పని. మునెమ్మ పరుగున పోయి ఇంట్లోంచి టెంకాయ, కర్పూరం తెచ్చింది. “లోపల కొట్టొద్దు బావా, కడిగి పెట్టినాను. వాకిట్లో కొట్టు,” అంది. చెంగప్ప గుమ్మం బయట టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించి చూపించి, రెండు చిప్పలూ తెచ్చి గోడ వార, మిషన్ బొమ్మ కాళ్ళ కింద పెట్టాడు. “ఇంగ పోనీ,” అన్నాడు.

నాకు నవ్వొచ్చినా నవ్వలేకపోయాను. అన్నేళ్ళ ఉద్యోగంలో నా సినిమాను ఎవరూ అంత నిజంగా తీసుకోలేదు. ఆ క్షణం నుంచి అది జపానువాళ్ళ మిషన్ కాదు, చెంగప్ప పూజ చేసి దించిన మిషన్.

అటువైపు

గంగ అడుగుకు దిగింది. అవతల వెలుగు కనిపించింది. “ఎవురు ఆడ?” అని నేను గంగ గొంతుతో అన్నాను. “ఎవురు ఆడ?” అని మళ్ళీ వినిపిస్తుంది. అది తన గొంతే తిరిగి వస్తోందని గంగ అనుకుంటుంది. తర్వాత అవతలి పిల్ల వేరే మాట మాట్లాడుతుంది.

“మీ గంగకైతే పేరుండాది,” అన్నాడు శ్రీరాములప్ప, గోడ దగ్గర్నుంచి. “ఆ పక్క పిల్లకు పేరు లేదా?”

నిజంగానే ఏ ఊళ్ళోనూ ఎవరూ ఆ పిల్లకు పేరు పెట్టలేదు. నాకూ తోచలేదు. నేను తడబడుతుంటే మునెమ్మ అంది: “గంగమ్మ అక్కసెల్లెండ్రు ఏడుగురు గదా. ఆ పిల్లా గంగే.”

శ్రీరాములప్ప తెర వైపు చెయ్యి చూపించి, “ఆ పక్క మిషన్‌కు టెంకాయ కొట్టలేదే,” అన్నాడు.

చెంగప్ప ఆయన వైపు చూడలేదు. కానీ లేచి వంగి, రెండు చిప్పల్లో ఒకదాన్ని తీసి గోడకు ఆ చివర, రెండో మిషన్ బొమ్మ కింద పెట్టి వచ్చి కూర్చున్నాడు. వాళ్ళిద్దరి మధ్య అన్నేళ్ళలో జరిగిన మొదటి ఇచ్చిపుచ్చుకోవడం అదేనని ఖాదర్ భాయ్ తర్వాత నాతో అన్నాడు.

సినిమా చివరికి వస్తుండగా చేలకు కరెంటు వచ్చింది. చెంగప్ప స్టార్టరు పెట్టె షెడ్డు గుమ్మానికి ఎదురుగా ఒక రాతి స్తంభానికి ఉంది. త్రీఫేజు వచ్చిందో లేదో తెలియడానికి దాని మీద మూడు బల్బులు పెట్టుకున్నారు. మూడూ వెలిగాయి. బయట రెండు మోటార్లూ ఒకేసారి అందుకున్నాయి. ఏది సినిమా మిషన్ చప్పుడో, ఏది మోటార్ల చప్పుడో తెలియలేదు.

తెర మీద గంగ పైకెక్కింది. మిషన్ ఆపుతానంటే తండ్రి అడ్డం వస్తాడు. మనం ఆపితే వాళ్ళు తోడుకుంటారు, ఆపుతారని ఏం గ్యారంటీ అంటాడు. ఆ మాట రాసింది జపానువాళ్ళు. నేను చెప్పింది చెంగప్ప, శ్రీరాములప్పల మాటలే, ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన పని లేకపోయింది. గంగ లీవరు కిందికి దించింది. మిషన్ ఆగింది. ఆ పిల్ల పైపుకు చెవి ఆనించింది. తెర నల్లబడింది.

సినిమాలో చప్పుడు ఆగిపోయింది గనుక బయటి మోటార్లు రెండూ స్పష్టంగా వినిపించాయి. ఒకదాని గొంతు మారింది. “గాలి లాగుతాండాది,” అని ఎవరో మెల్లగా అన్నారు.

చెంగప్ప వెనక్కి తిరిగి రెడ్డెప్ప సారును అడిగాడు. “ఆ పక్కోళ్ళు ఆపినారా సార్?”

మైకు ఆయన పక్కనే ఉంది. ఆపారని చెప్పడం ఎంత తేలికో నాకు తెలుసు. దాని తర్వాత నీతి, ఆ తర్వాత పంచెలు దులుపుకోవడం. రెడ్డెప్ప సారు మైకు ముట్టుకోలేదు.

“నాకు తెలీదు చెంగప్పా. ఎవరికీ తెలీదు.”

ఆ ఒక్క మాటకు ఆయనకు నేను జీవితాంతం రుణపడి ఉన్నాను. అది చెప్పిన తర్వాత షెడ్డులో ఎవరూ లేవలేదు. కాసేపటికి చెంగప్ప లేచాడు. బయటికి పోయాడు. ఒక మోటారు ఆగింది. ఆయన తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. ఆయన వెనక మూడు బల్బులూ వెలుగుతున్నాయి. అందరం శ్రీరాములప్ప వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాం.

శ్రీరాములప్ప భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. “పాలు పిండే పొద్దయింది,” అన్నాడు. చెంగప్పను దాటుకుని బయటికి నడిచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన మోటారు నడుస్తూనే ఉంది.

జనమంతా ఆవుల దగ్గరికి పోయారు. చెంగప్ప కూడా. మునెమ్మ చీపురు తీసుకుని షెడ్డు ఊడవడం మొదలుపెట్టింది. ఏదో చెప్పాలని, “చెంగప్ప ఆపాడు కదా మునెమ్మా” అన్నాను.

“మా బావ మంచోడు,” అంది తలెత్తకుండా. “ఒగ చెయ్యితో ఏం జేస్తాడు?”

కిటికీల గోతాలు విప్పాం. తెర అవసరం లేదు గనుక సామాను తక్కువ. వైర్లు చుట్టి, ప్రొజెక్టరు పెట్టెలో పెట్టి, జీపులో వేశాం. రెడ్డెప్ప సారు ముందు సీట్లో కూర్చున్నారు. ఖాదర్ భాయ్ బండి స్టార్ట్ చేశాడు. ముసలి డీజిల్ జీపు, స్టార్టయితే పక్కనున్నవాళ్ళ మాట కూడా వినపడదు. మునెమ్మ టెంకాయ చిప్పలు కాగితంలో చుట్టి మాకివ్వడానికి పరుగున వచ్చింది. జీపు దాకా వచ్చి ఆగిపోయింది. చెయ్యెత్తింది.

“అప్పా, బండి ఆపు.”

ఖాదర్ భాయ్ ఆపాడు.

“ఇను బొమ్మలమ్మా.”

విన్నాను. ఎక్కడో ఆవు అరిచింది. పాలబిందె చప్పుడు. గట్టు మీద గడ్డిలో గాలి.

“ఏమీ వినపడటం లేదే,” అన్నాను.

“అదేమ్మా.”

నాకు వెంటనే నమ్మకం కుదరలేదు. “కరెంటు పోయిందేమో మునెమ్మా.”

ఆమె చిప్పలున్న చేత్తోనే స్తంభం వైపు చూపించింది. మూడు బల్బులూ వెలుగుతున్నాయి.

చెప్పాల్సిన ఒక్క మాట

సోమవారం బోరు లారీ రాలేదు, చెంగప్ప వద్దని కబురు పంపాడు. పైపులు వేశారు, వంతులు పెట్టుకున్నారు. వంతుల దగ్గర మళ్ళీ కొట్లాడుకున్నారు, మళ్ళీ సర్దుకున్నారు. మునెమ్మ పిల్లపురుగులు తెచ్చుకుంది. ఆ పంట పురుగులు పెద్దవై ఆకు మేసే రోజు నన్ను ఫోను చేసి పిలిపించుకుని, షెడ్డులో నిలబెట్టి ఆ వాన చప్పుడు వినిపించింది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

ఆ సినిమా చూసిన ప్రతి ఊరూ మారిందని చెప్పను. గంగవరం పక్కన ఒక ఊళ్ళో సినిమా చూసి, బాగుందని మెచ్చుకుని, మర్నాడే కొత్త బోరు వేశారు. దానికీ టెంకాయ కొట్టే ఉంటారు. మన పని అంతే. సినిమా వేస్తాం, చూసేవాళ్ళు చూస్తారు, తర్వాత ఏం చేయాలో వాళ్ళిష్టం. అందులో నా వంతుకు ఇన్ని ఊళ్ళు, ఇంతమంది మనుషులు దక్కారు. ఇంకే ఉద్యోగం చేసినా నాకు ఇంత వచ్చేది కాదు.

మా ఇంటికొచ్చిన అమ్మాయిలకు ఆ రోజు చెప్పాల్సిన మాట ఇదొక్కటే. సినిమా అయిపోగానే బండి స్టార్ట్ చేయకండి. కాసేపు ఆగి వినండి.